రాత్రి 2 గంటలకి నొప్పి వస్తే ఎవరొస్తారు?

హాస్పిస్ మంచిదో కాదో గూగుల్ స్టార్లు చెప్పవు. నాన్న కోసం చోటు వెతుకుతూ, ఒకసారి తప్పు చేసి, నేను నేర్చుకున్న సంగతులివి.

ఫోన్‌లో 'హాస్పిస్ నియర్ మీ' అని కొట్టిన రోజు నాకు బాగా గుర్తు. క్యాన్సర్ వార్డు బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాను. పది నిమిషాల కిందటే డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి, "ఇంక కీమో ఇస్తే మీ నాన్నకి లాభం కన్నా బాధే ఎక్కువమ్మా. నొప్పి లేకుండా చూసుకునే చోటికి తీసుకెళ్ళండి" అన్నారు. ఆ చోటు ఎక్కడుందో, ఎలా వెతకాలో చెప్పే టైమ్ ఆయనకి లేదు. బయట ఇంకో ముప్ఫై మంది ఫైళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నారు.

మన వయసు వాళ్ళం ఏం చేస్తామో నేనూ అదే చేశాను. బిర్యానీకైనా, పీజీ హాస్టల్‌కైనా స్టార్లు చూసే కదా వెళ్తాం. 4.7 ఉన్న ఒకదాన్ని పట్టుకున్నా. రివ్యూలన్నీ చదివా. 'పార్కింగ్ బాగుంది', 'స్టాఫ్ మర్యాదగా మాట్లాడతారు', 'రూములు నీట్‌గా ఉన్నాయి'. నొప్పి గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. అప్పుడు నాకది తట్టలేదు. అసలు రివ్యూ రాయాల్సిన మనిషి, రాయడానికి మిగలడు కదా.

తొమ్మిది రోజులు

మా నాన్న ఆర్టీసీ డ్రైవర్. సూర్యాపేటలో రిటైరయ్యారు. ఊపిరితిత్తుల్లో మొదలైన క్యాన్సర్ వెన్నెముకకి పాకింది. ఎముకల్లోకి వెళ్ళిన క్యాన్సర్ నొప్పి ఎలా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుసు. దుప్పటి సర్దినా అరుస్తారు.

నేను ఎంచుకున్న చోట ఏసీ గది, గోడ మీద బుద్ధుడి బొమ్మ, రిసెప్షన్‌లో అగరొత్తుల వాసన. బోర్డు మీద 'పాలియేటివ్ కేర్' అని పెద్దక్షరాలు. రోజుకి ఐదు వేలు. డబ్బు పోతే పోయింది, నాన్న సుఖంగా ఉంటారనుకున్నా.

మూడో రోజు రాత్రి ఒకటిన్నరకి నొప్పి మొదలైంది. బెల్ కొట్టాను. ఆయమ్మ వచ్చి, సిస్టర్ కింద ఫ్లోర్‌లో ఉందని చెప్పి వెళ్ళింది. నలభై నిమిషాలకి సిస్టర్ వచ్చి పారాసిటమాల్ ఎక్కించింది. నాన్న తువ్వాలు నోట్లో కుక్కుకుని పళ్ళు బిగబట్టారు. పక్క గదుల వాళ్ళు లేస్తారని ఆయన భయం.

"మార్ఫిన్ ఇవ్వచ్చు కదా?" అన్నాను. అప్పటికే నెట్‌లో చదివి ఉన్నా.

"అది మా దగ్గర ఉండదు మేడమ్. డాక్టర్‌గారు పొద్దున పదింటికి వస్తారు. మరీ ఎక్కువైతే పెద్దాసుపత్రి ఐసీయూకి రాసిస్తాం."

అక్కడ తొమ్మిది రోజులున్నాం. ఇంకో చోటు తెలియక, అడ్వాన్సు కట్టేశాం కదా అని, రేపటికి తగ్గుతుందేమో అని. నాన్న పోయిన బాధ కన్నా ఆ తొమ్మిది రోజులే నన్ను ఎక్కువ గుచ్చుతాయి. ఎనిమిదో రోజు పొద్దున నాన్నే అన్నారు: "గీ ఏసీ, గీ పరుపు నాకెందుకు బిడ్డా? బస్సు కండిషన్ సీటు కవర్లు చూసి చెప్తరా? బ్రేక్ తొక్కి చూడాలె."

ఆ మాటతో నా కళ్ళు తెరుచుకున్నాయి. నేను సీటు కవర్లు చూశాను. బ్రేక్ తొక్కి చూడలేదు.

అసలు హాస్పిస్ అంటే ఏంటి?

జబ్బు నయం కాదని తేలాక, మిగిలిన రోజులు నొప్పి, ఆయాసం, వాంతులు, భయం లేకుండా గడిచేలా చూసుకునే వైద్యం ఇది. వృద్ధాశ్రమం కాదు, 'చావడానికి పడేసే' చోటు అంతకన్నా కాదు. దీనికి ఇప్పుడున్న రూపం ఇచ్చినామె సిసిలీ సాండర్స్. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ మొదలుపెట్టారు. నొప్పంటే ఒంటికి మాత్రమే కాదు, మనసుకి, ఇంటికి, నమ్మకాలకి కూడా అని చెప్పింది ఆమే. మన దేశంలో మొదటిది 1986లో ముంబైలో వచ్చిన శాంతి అవేదన సదన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఇలాంటి వైద్యం అవసరమైన వాళ్ళలో అది అందుతున్నది 14 శాతం మందికే.

డల్లాస్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకు ఒక చెక్‌లిస్ట్ పంపాడు. అమెరికాలో హాస్పిస్ ఖర్చు మెడికేర్ ఇస్తుంది. మనిషి పోయాక ఇంట్లో వాళ్ళకి సర్వే పంపి, 'నొప్పి తగ్గించారా? రాత్రిళ్ళు ఫోన్ చేస్తే పలికారా?' లాంటివి అడుగుతారు. ఆ జవాబులు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తాయి. చదివి కుళ్ళుకున్నాను. నా చేతిలో అలాంటి వెబ్‌సైట్ లేదు కాబట్టి ఆ ప్రశ్నలే పట్టుకుని బయల్దేరాను. రెండు రోజుల్లో నాలుగు చోట్లకి వెళ్ళాను.

మొదటి బ్రేక్: మార్ఫిన్

లోపలికి వెళ్ళగానే ఒక్కటే అడిగాను. "మీ దగ్గర నోటితో వేసుకునే మార్ఫిన్ ఉందా? ఈ రోజు, ఇప్పుడు, స్టాక్ ఉందా?"

రెండు చోట్ల 'తెప్పిస్తాం' అన్నారు. ఒక చోట 'అది అలవాటవుతుందమ్మా' అన్నారు. నాలుగో చోట నర్సు ఏమీ మాట్లాడకుండా తాళం తీసి బీరువా చూపించింది. పక్కనే రిజిస్టర్. ఏ బిళ్ళ ఎవరికి, ఎన్ని గంటలకి ఇచ్చారో సంతకాలతో సహా ఉంది. ఏసీ లేదు. నాలుగు మంచాల వార్డు, బయట చెట్టు కింద సిమెంటు బెంచీలు. ఒక ట్రస్ట్ నడుపుతోంది, డబ్బు తీసుకోరు. ఆ బీరువా దగ్గరే నిర్ణయం అయిపోయింది.

ఈ మందు చుట్టూ ఇంత గొడవ ఎందుకో తర్వాత అర్థమైంది. మార్ఫిన్ నల్లమందు నుంచి వస్తుంది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్స్ మీద గసగసాల పంట వేసి మనమే పండిస్తున్నాం. కానీ 1985లో మత్తుమందుల చట్టం వచ్చాక లైసెన్సుల మీద లైసెన్సులు కావాల్సి వచ్చి, ఆసుపత్రులు ఈ మందు పెట్టుకోవడమే మానేశాయి. పండించేది మనం, నొప్పితో పోయేదీ మనమే. ఏళ్ళ తరబడి దీని మీద కొట్లాడినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సిన పేరు తిరువనంతపురానికి చెందిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్. 2003లో పాలియం ఇండియా పెట్టారు, 2018లో పద్మశ్రీ వచ్చింది. చివరికి 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. ఇప్పుడు 'రికగ్నైజ్డ్ మెడికల్ ఇన్‌స్టిట్యూషన్' అని గుర్తింపు తెచ్చుకున్న సంస్థ మార్ఫిన్ స్టాక్ పెట్టుకోవచ్చు. అందుకే, 'మీకు ఆ గుర్తింపు ఉందా?' అని అడగడం మీ హక్కు.

మా పెద్దనాన్న మాత్రం ఫోన్‌లో గట్టిగా అరిచారు. "మార్ఫిన్ ఇస్తున్నరంటే ఇగ అయిపోయినట్టే. వాడ్ని నువ్వే చంపుతున్నవ్!" అక్కడి డాక్టరమ్మ ఆయనతో స్పీకర్‌లో ఓపిగ్గా మాట్లాడారు. తక్కువ డోసుతో మొదలుపెట్టి చూసుకుంటూ పెంచుతారు. డాక్టర్ పర్యవేక్షణలో క్యాన్సర్ నొప్పికి వాడితే వ్యసనంగా మారడం అరుదు. మొదట్లో కాస్త మత్తు, వాంతి వస్తాయి, చాలామందికి కొన్ని రోజుల్లో తగ్గిపోతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు, అందుకే దాంతోపాటు విరేచనాల మందు కూడా రాస్తారు. ఇది కూడా మీకో చిన్న పరీక్షే. మార్ఫిన్ రాసి విరేచనాల మందు రాయలేదంటే, వాళ్ళకి ఈ పని సరిగా తెలియదని అనుమానించొచ్చు.

రెండో బ్రేక్: గడియారం

పాత చోట నొప్పి వచ్చాక, మేం అరిచాక మందు ఇచ్చేవాళ్ళు. ఇక్కడ నొప్పి రాకముందే, నాలుగు గంటలకోసారి టైమ్‌కి ఇచ్చారు. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే ఇవ్వాల్సిన అదనపు డోసు ముందే రాసి పెట్టి ఉంది. అంటే సిస్టర్ ఎవర్నీ నిద్ర లేపి పర్మిషన్ అడగక్కర్లేదు.

మా ఆఫీసులో రాత్రి సర్వర్ పడిపోతే ఫోన్ ఎవరికి మోగాలి, వాళ్ళు ఎత్తకపోతే తర్వాత ఎవరికి అనేది ముందే రాసుకుంటాం. యాప్ ఆగిపోతే ఇంత ప్లానింగ్. మనిషి నొప్పికి అదే ప్రశ్న అడగడం నాకెందుకు తట్టలేదో!

మొదటి రోజు సిస్టర్ నాన్నని అడిగింది: "నొప్పి పది రూపాయలనుకుంటే, ఇప్పుడు ఎన్ని రూపాయలుంది పెద్దాయనా?"

"తొమ్మిది" అన్నారు నాన్న. ఆమె చార్టులో రాసుకుంది. గంట తర్వాత మళ్ళీ వచ్చి అడిగింది. రెండో రోజు సాయంత్రానికి "మూడున్నదమ్మా. మూడైతే నడుస్తది" అన్నారు. ఆ రాత్రి ఆయన నిద్రపోయారు. ఎన్నో వారాల తర్వాత అమ్మ కూడా నిద్రపోయింది.

మీరు చూడాల్సిన కాగితం ఇదే. బీపీ, షుగర్ లాగే నొప్పికి కూడా నంబర్ రాస్తున్నారా? మందు ఇచ్చాక తిరిగి వచ్చి అడుగుతున్నారా? ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ పాలియేటివ్ కేర్ పెట్టిన కనీస ప్రమాణాల్లో నొప్పిని అడిగి రాసి పెట్టడం, మార్ఫిన్ ఆగకుండా దొరకడం, శిక్షణ పొందిన డాక్టర్, నర్సు ఉండడం ముఖ్యమైనవి. ఏసీ అందులో లేదు.

మూడో బ్రేక్: ఎవరితో మాట్లాడతారు?

క్యాన్సర్ అని నాన్నకి మేం చెప్పలేదు. 'ఊపిరితిత్తుల్లో గడ్డ, మందులతో కరిగిపోతుంది' అన్నాం. మన ఇళ్ళల్లో మామూలే కదా. డాక్టరమ్మకి కూడా అదే చెప్పి, "మీరు ఆయన ముందు ఆ మాట అనకండి" అని బతిమాలాను. "నేను అబద్ధం చెప్పను, వద్దన్నది రుద్దను. ఆయన్నే అడుగుతాను" అన్నారామె.

స్టూల్ లాక్కుని నాన్న పక్కన కూర్చున్నారు. "మీ జబ్బు గురించి మీకేమనిపిస్తోందయ్యా?"

నాన్న నా వైపు చూసి నవ్వారు. "బండి ఎక్కడిదాకా పోతదో డ్రైవర్‌కి తెల్వదా అమ్మా? వీళ్ళే భయపడుతున్నరు. వీళ్ళ కోసమని నేను అడుగుత లేను."

ఆరు నెలలుగా మేం ఆయన దగ్గర, ఆయన మా దగ్గర దాచిపెడుతున్నామన్నమాట. అమ్మ బయటికి వెళ్ళి ఏడ్చింది. తర్వాత లోపలికొచ్చి ఆయన చేయి పట్టుకుని పెన్షన్ కాగితాలు, బ్యాంకు నామినీ, నా పెళ్ళి, అన్నీ మాట్లాడింది. ఆ మాటలు జరగకుండానే నాన్న పోయుంటే అమ్మ ఇప్పటికీ కోలుకునేది కాదు.

"ఏం కావాలనిపిస్తోంది?" అని డాక్టరమ్మ అడిగితే, "ఇంటికాడ వేపచెట్టు కింద ఒక్క దినం పండుకోవాలె" అన్నారు. వాళ్ళు కాదనలేదు. మందుల టైమ్ టేబుల్ కాగితం మీద రాసి, నా చేత రెండుసార్లు అప్పజెప్పించుకుని, రాత్రి ఫోన్ నంబర్ ఇచ్చి పంపారు. దారంతా మా క్యాబ్ డ్రైవర్‌కి గేర్లు ఎప్పుడు మార్చాలో నాన్న చెబుతూనే ఉన్నారు. రెండు రోజులు వేపచెట్టు కింద నులకమంచం. రెండో రాత్రి నొప్పి వస్తే ఆ నంబర్‌కి కొట్టాను. రెండో రింగుకే ఎత్తారు.

ముక్కు, కళ్ళు చెప్పేవి

నాన్న పక్క మంచంలో నోటి క్యాన్సర్ ఉన్నాయన ఉండేవారు. చెంప మీద పెద్ద పుండు. అయినా వార్డులో దుర్వాసన లేదు. రోజూ డ్రెస్సింగ్ చేసి, పుండు మీద మెట్రోనిడజోల్ పొడి వేసేవాళ్ళు. చవకైన మందే, వాసన తగ్గిపోతుంది. వాసన తగ్గాకే ఆయన మనవడు దగ్గరికొచ్చి కూర్చున్నాడు. అందుకే చెబుతున్నా, ఏ చోటికి వెళ్ళినా ముందు గాలి పీల్చి చూడండి. పుండు వాసనా, దాన్ని కప్పడానికి కొట్టిన ఫినాయిల్ ఘాటూ రెండూ ఉండకూడదు.

మంచం పట్టినవాళ్ళ పెదాలు చూడండి. ఎండి పగిలి ఉంటే నోరు తుడిచే దిక్కు లేదని అర్థం. వీపు మీద పుండ్లు పడకుండా పక్కకి తిప్పుతున్నారా, ఆ టైమ్ ఎక్కడైనా రాస్తున్నారా చూడండి. వెళ్ళేటప్పుడు ఫోన్ చేయకుండా, సాయంత్రం ఏడు తర్వాత వెళ్ళండి. పగలు అన్ని చోట్లా బాగానే ఉంటుంది.

ఐసీయూ సంగతి కూడా ముందే తేల్చుకోండి. 'పరిస్థితి విషమిస్తే ఏం చేస్తారు?' అన్న ప్రశ్నకి 'అంబులెన్స్ పిలుస్తాం' అన్నదొక్కటే జవాబైతే, అది హాస్పిస్ కాదు. గౌరవంగా చనిపోవడం కూడా జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న చెప్పింది. 'నాకు వెంటిలేటర్లు వద్దు' లాంటి కోరికలు ముందే రాసి పెట్టుకునే పద్ధతిని 2023లో సులువు చేసింది. మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళక్కర్లేదు, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి దగ్గర ధృవీకరించుకుంటే చాలు. అలాంటి కాగితం ఉంటే గౌరవిస్తారా అని అడగండి.

స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి

1. నోటితో వేసుకునే మార్ఫిన్ ఈ రోజు స్టాక్ ఉందా?
2. రాత్రి 2 గంటలకి నొప్పి వస్తే ఎవరొస్తారు? ఎన్ని నిమిషాల్లో? ఏ మందుతో?
3. డాక్టర్, నర్సు పాలియేటివ్ కేర్‌లో శిక్షణ తీసుకున్నారా?
4. నొప్పి నంబర్ చార్టులో రాస్తారా? ఒకటి చూపిస్తారా?
5. రోగితో నేరుగా ఎవరు మాట్లాడతారు?
6. ఇంటికి తీసుకెళ్తే మందులు, ఫోన్ సాయం ఇస్తారా? ఇంటికొచ్చి చూస్తారా?
7. ఇంట్లో వాళ్ళు రాత్రి ఉండొచ్చా? పిల్లలు రావచ్చా?
8. మొత్తం ఖర్చెంత? మధ్యలో వెళ్ళిపోతే అడ్వాన్సు తిరిగిస్తారా?
9. మనిషి పోయాక ఇంట్లో వాళ్ళని పలకరిస్తారా?

రెండో ప్రశ్నకి తడబడితే మిగతావి అడగక్కర్లేదు.

ఎక్కడ వెతకాలి?

హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. బంజారాహిల్స్ రోటరీ క్లబ్ ట్రస్ట్ 2011లో మొదలుపెట్టిన స్పర్శ్ హాస్పిస్ ఇప్పుడు ఖాజాగూడలో నడుస్తోంది, సేవలు ఉచితం. తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేర్ కేంద్రాలున్నాయి. 'ఆలన' పేరుతో ఇళ్ళకి వెళ్ళే వాహనాలున్నాయి. విశాఖ చుట్టుపక్కల వాళ్ళు అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో అడగొచ్చు. వేరే ఊళ్ళవాళ్ళకి పాలియం ఇండియా వెబ్‌సైట్‌లో రాష్ట్రాల వారీగా జాబితా ఉంది. ఏ పేరైనా సరే, నేను చెప్పానని నమ్మేయకండి. ప్రశ్నలు పట్టుకుని వెళ్ళండి.

ఇంకో మాట. ఆఖరి వారం దాకా ఆగకండి. ట్రీట్‌మెంట్ నడుస్తుండగానే నొప్పి డాక్టర్‌ని కలవొచ్చు. మేం ఆరు నెలల ముందే వెళ్ళుండాల్సింది.

ఆఖరి ఫోన్

ఊరి నుంచి వచ్చిన పదహారో రోజు నాన్న పోయారు. ముందు రోజు సాయంత్రమే సిస్టర్ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. ఊపిరి ఆగి ఆగి వస్తుంది, చేతులు చల్లబడతాయి, గొంతులో గురక వినిపిస్తుంది, చూసి భయపడకండి అని. 'గ్లూకోజ్ ఎక్కించరా?' అని అమ్మ అడిగితే, ఈ టైమ్‌లో అది ఆయనకి మేలు చేయదని, తడిగుడ్డతో పెదాలు తడపమని చెప్పింది. రాత్రంతా అమ్మ అదే చేసింది. తెల్లవారుజామున నాన్న తువ్వాలు కొరక్కుండా వెళ్ళిపోయారు.

దినాలు అయిపోయి, చుట్టాలు వెళ్ళిపోయి, ఇల్లు బోసిపోయిన నెలకి అమ్మ ఫోన్ మోగింది. ఆ సిస్టర్. "ఎట్లున్నవ్ పెద్దమ్మా, నిద్ర పడుతోందా?" అంది. అమ్మ నలభై నిమిషాలు మాట్లాడింది. అంతసేపు అమ్మ ఎవరితోనైనా మాట్లాడటం ఆ నెలలో అదే మొదటిసారి.

ఆ రాత్రి నేను గూగుల్‌లో ఆ చోటికి రివ్యూ రాశాను. మార్ఫిన్ ఉంది, రాత్రి ఫోన్ ఎత్తుతారు, నొప్పి తొమ్మిది నుంచి మూడుకి తగ్గింది, నాన్నని నాన్ననే అడిగారు. పార్కింగ్ గురించి ఏమీ రాయలేదు. ఎలా ఉందో నాకు గుర్తు కూడా లేదు.